నిమ్మ మార్కెట్టులో పచ్చ కమలాలు

జీవితమంతా నిమ్మకాయల మధ్య గడిపినవాడు కమలాల గురించి ఏం చెబుతాడని మీకు అనిపించవచ్చు. ఆ సంవత్సరం దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి. మా జిల్లాలో నిమ్మ మార్కెట్లు నాలుగైదు ఉన్నాయి. నేను పనిచేసింది ఎందులోనో చెప్పను. చెబితే ఇందులో ఉన్నవాళ్లు నన్ను టీ కొట్టు దగ్గర నిలబెట్టి నిలదీస్తారు. అందరూ బాగానే ఉన్నారు, అందరికీ నా దగ్గర చనువు ఎక్కువ.

నా ఉద్యోగం పాట పాడటం. గొంతు సవరించుకుని పాడే పాట కాదు, వేలం పాట. ఈ రోజుల్లో కుర్రవాళ్లు ఫోన్లో ధర చూసుకుని, ఫోన్లోనే బేరం ముగించి, ఫోన్లోనే పోట్లాడుకుంటున్నారని వింటున్నాను. మా మండీలో పద్ధతి వేరు. రైతు తెచ్చిన సరుకును నేల మీద రాశి పోసేవాళ్లం. నేను రాశి పక్కన నిలబడి కుడిచేతి మీద తువ్వాలు కప్పుకునేవాణ్ణి. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి, నా వేళ్లు నొక్కి తమ ధర చెప్పేవాళ్లు. ఏ వేలు నొక్కితే ఏమిటో మార్కెట్టులో అందరికీ తెలుసు. ఎవరు ఏది నొక్కారో మాత్రం నాకొక్కడికే తెలుసు. అందరి చేతులూ అయ్యాక మూడుసార్లు పిలిచి, ఎక్కువ ఇచ్చినవాడి పేరు పైకి చెప్పేవాణ్ణి. తెలియనివాళ్లు చూస్తే ఇద్దరు పెద్దమనుషులు గుడ్డ కింద చేతులు పట్టుకుని, ఏమీ ఎరగనట్టు చెరోవైపు చూస్తున్నట్టు ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మా ఆవిడ ఒకసారి మార్కెట్టుకు వచ్చి ఇది చూసింది. ఆ రోజు ఇంట్లో నవ్వుతూ నవ్వుతూ కూర మాడగొట్టింది.

పాట పాడేవాడికి ఒక కట్టుబాటు ఉంది. సరుకును పొగడకూడదు, తెగడకూడదు. రైతు ఊరు, రాశి వరస, కాయ రకం చెప్పి నోరు మూసుకోవాలి. ఒకరి సరుకు బాగుందంటే పక్క రాశి రైతు మొహం చిన్నబోతుంది, ఆ మరునాడు ఆయన వేరే మండీకి పోతాడు. అందుకని ఇంట్లో, వీధిలో ఎంత వాగుడుకాయనైనా మండీలో నేను మూగవాణ్ణే. ముప్పై ఏళ్లకు పైగా అలా మూగగా ఉన్నందుకు ఇప్పుడు వడ్డీతో సహా మాట్లాడుతున్నానని మా మనవరాలు అంటూ ఉంటుంది.

మండీ యజమాని ఒక సాయిబు గారు. తాతల నాటి వ్యాపారం. కళ్లజోడు ముక్కు చివర పెట్టుకుని, పైనుంచి మనిషిని చూసేవారు. ఆయన తిట్టడం నేను ఎప్పుడూ వినలేదు గానీ, ఆ చూపు పడితే తిట్టినా బాగుండేదని అనిపించేది.

నేను పని మానేయడానికి ముందు సంవత్సరం, రంజాన్ ఉపవాసాలు మొదలైన వారంలో సంగతి ఇది. ఎండ అప్పుడప్పుడే ముదురుతోంది. నిమ్మకు మంచి గిరాకీ. ఒక పొద్దున సముద్రం దగ్గరి కోట ఊరి వైపు నుంచి ఒక రైతమ్మ ఆటో ట్రాలీలో సరుకు తెచ్చి దించింది. ఆమె నాకు పాత పరిచయమే, ఏళ్ల తరబడి నిమ్మకాయలు తెచ్చేది. భర్త పోయాక తోటను ఆమె, మరిది కలిసి చూసుకుంటున్నారు. ట్రేల మీద కప్పిన గడ్డి తీసి చూస్తే, ముదురాకుపచ్చ రంగులో గుండ్రటి కాయలు.

“ఏం కాయలమ్మా ఇవి?”

“కమలాలన్నా.”

“పచ్చగా ఉండాయే!”

“మా తోటలో ఇట్నే పండతాయి. రంగు రాదు, తీపి మాత్రం వస్తాది. చెట్టు మీద పండినయ్యే, నేనే కోసినా.”

ఆమె నిమ్మచెట్లు కొన్ని ముసలివై ఎండిపోతే, ఆ చోట కమలా అంట్లు నాటింది. ఎవరు వద్దన్నా వినలేదు. ఆ తర్వాత నాకు ఒక తోటల అధికారి చెప్పాడు, రాత్రులు బాగా చల్లబడితేనే కమలా తొక్క పసుపు తిరుగుతుందని. మా సముద్రపు ఒడ్డున చలి అంటే ఫ్యాను వేగం కొంచెం తగ్గించుకోవడమే. ఆ మాత్రానికి తొక్క రంగు మారుతుందా?

గడ్డి మడిచి పక్కన పెడుతూ ఆమె గొంతు తగ్గించింది. “అన్నా, ఈ కాయ అమ్ముడు బోవాల. తోట చుట్టూ రొయ్యల గుంటలు తవ్వేసినారు. మమ్మల్ని గూడా కౌలుకియ్యమని అడగతా ఉండారు. మా మరిది నాకు మాటిచ్చినాడు, మార్కెట్టు ఈ కాయను కొంటే చెట్లుంచుతామని. కొనకపోతే సోమారం పొక్లెయిన్ వస్తాది. ఆ బండాయనకు చెప్పి గూడా పెట్టుండాడు.”

“నీ మరిదికి అంత తొందరేంది?”

“ఆయన్ను అనేదానికి లేదన్నా. పక్క గుంటల ఉప్పునీళ్లు ఊరి చెట్లు ఎటూ చస్తాయని ఆయన బయం. అమ్ముడు బోని చెట్టుకు కాపలా ఎందుకంటాడు. నేనూ సరేనన్నా.”

కాయ అమ్ముడుపోవడం నా చేతిలో లేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా “చూద్దాంలేమ్మా” అన్నాను.

ఇక్కడ మీకు నిమ్మ వ్యాపారి అలవాటు ఒకటి చెప్పాలి. కాయను కంటితో చూస్తాడు. బొటనవేలితో నొక్కుతాడు. గోటితో తొక్క గీరి వాసన చూస్తాడు. అరచేతిలో ఎగరేసి బరువు తెలుసుకుంటాడు. నోట్లో మాత్రం పెట్టుకోడు. నిమ్మకాయ కొరికి చూసి కొనేవాడు ఎక్కడైనా ఉంటాడా? మా మార్కెట్టులో సరుకు రుచి చూడటం అనేదే లేదు. అప్పుడప్పుడు బత్తాయిలు వచ్చినా, వాటినీ నిమ్మకాయల మాదిరే నొక్కి కొనేవాళ్లు.

నొక్కడంలో మొనగాడు తమిళనాడు సరిహద్దులోని తడ ఊరి నుంచి వచ్చే ఒక వ్యాపారి. చెన్నైకి లారీలు పంపుతాడు. మాటలో తెలుగు, తమిళం కలిసి ఉంటాయి. ఆయన బొటనవేలంటే మార్కెట్టుకు గురి. ఆయన నొక్కి పక్కన పెట్టుకున్న కాయకు నలుగురు ఎగబడతారు. నొక్కి రాశిలో పడేసిన కాయ వైపు ఎవరూ చూడరు.

నేను తువ్వాలు కప్పుకుని రైతమ్మ ఊరు చెప్పి, “కమలా” అన్నాను. ముందే ఒక నవ్వు లేచింది. తడ ఆయన ఒక కాయ తీశాడు. ముందు రంగు చూశాడు, పెదవి విరిచాడు. తర్వాత నొక్కాడు. కమలాకు తొక్క వదులు కదా, వేలు లోపలికి దిగింది. బత్తాయిలోకి, నిమ్మలోకి వేలు అలా దిగితే అది ఎండి గుల్లబారిన కాయ కిందే లెక్క.

“కంటికి పసికాయ, వేలికి ముసలికాయ! ఇది ఏం కాయ సామీ?” అని రాశిలో పడేసి పక్క రాశికి వెళ్లిపోయాడు.

నిజానికి ఒక కాయ ఒకేసారి పసిదీ ముసలిదీ ఎలా అవుతుందని అక్కడ ఒక్కరైనా అడగాలి. ఎవరూ అడగలేదు. ఆయన వెనకే అందరూ కదిలిపోయారు. నేను మూడుసార్లు పిలిచాను. తువ్వాలు కిందికి ఒక్క చెయ్యి రాలేదు. పక్కన ఆమె నా మొహం వైపే చూస్తోంది. అంత మంది మధ్య ఖాళీ చేతి మీద గుడ్డ కప్పుకుని నిలబడటం నాకు సిగ్గనిపించింది. అమ్ముడుపోని సరుకుకు అనేట్టే “రాశి నిలిచింది” అని చెప్పి తర్వాతి రాశికి నడిచాను.

మార్కెట్టు పలచబడ్డాక తిరిగి వచ్చి చూస్తే ఆమె కాయలను మళ్లీ ట్రేలకు ఎత్తుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. నన్ను చూడగానే ఒక కాయ తీసి, రెండు వేళ్లతో చకచకా ఒలిచి, సగం నా చేతిలో పెట్టింది.

“పాట అయిపోయింది గదా. ఇప్పుడు నోరు తెరవచ్చు గదా. తిను.”

తిన్నాను. ఏమని చెప్పను? నీళ్లు నీళ్లుగా తీపి, ఆఖర్న నాలుక మీద చిటికెడు పులుపు. రసం ముంజేతి దాకా కారితే తువ్వాలుతోనే తుడుచుకున్నాను. అడక్కుండానే రెండో సగం కోసం చెయ్యి చాపాను.

“ఎట్టుండాది?”

“బ్రహ్మాండంగా ఉండాదమ్మా.”

“మరి ఆ ముక్క పొద్దున చెప్పబళ్లా?”

“పాట పాడేవాడు చెప్పగూడదమ్మా. కట్టుబాటు.”

“ఏంది నీ కట్టుబాటు! ఆడ నా చెట్లు పోతా ఉంటే నువ్వు ఈడ నోరు కుట్టుకోని నిలబడతావా?”

కట్టుబాటు ఎందుకుందో నాకు తెలుసు, అది సరైనదేనని ఇప్పటికీ అంటాను. కానీ ఆ నిమిషంలో అంత మంచి కాయను తిని, ఆమె ముందు నిలబడి, ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు. ఆమె ఒక ట్రే నిండా కాయలు నా కాళ్ల దగ్గర పెట్టి, “ఇంటికాడ పిల్లోళ్లకు పెట్టు” అని మిగతా సరుకుతో వెళ్లిపోయింది.

నేను ట్రే ఎత్తుకుని నేరుగా సాయిబు గారి గద్దె దగ్గరికి పోయాను. “మీరొకటి తిని చూడండి” అని ఒలిచిన కాయ ముందు పెట్టాను.

ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. “ఏం నాయనా, నేను ఉపవాసంలో ఉండా గదా?”

ఇన్నేళ్లుగా ఆయనతో పనిచేస్తూ రంజాన్ నెలలో పట్టపగలు తినమని పండు పెట్టిన మొనగాణ్ణి నేనే. నాలుక కరుచుకున్నాను. ఆయన నవ్వారు. జరిగింది అంతా విని, ఒలిచిన కాయను వాసన చూసి నా వైపు జరిపారు.

“సరుకు గురించి మనం ఒక్క మాట అనగూడదు. గుర్తుండాదా?”

“ఉండాదయ్యా.”

“ఇది సాయంత్రం పెట్టు. ఇఫ్తార్‌కు పండ్లు కావాల గదా.” కళ్లజోడు సర్దుకుని, “తడ ఆయన గూడా ఉంటాడు. గంజి తాగకుండా ఆయన ఎప్పుడన్నా పోయినాడా?” అన్నారు.

రంజాన్ నెలలో మా మండీ ముందు సాయంత్రం చాపలు పరిచేవాళ్లు. ఉపవాసం ఉన్నవాళ్లు, లేనివాళ్లు, హమాలీలు, లారీ డ్రైవర్లు అందరూ కూర్చునేవాళ్లం. ఖర్జూరం, మసాలా వడ, సాయిబు గారి ఇంటి నుంచి వచ్చే వేడి వేడి గంజి. ఆ గంజి కోసం తడ ఆయన లారీని ముందే పంపేసి, తాను వెనక బస్సులో పోయేవాడు. ఆ రోజు నేను వెనక గదిలో కూర్చుని కమలాలన్నీ ఒలిచి, తొనలు విడదీసి పళ్లేల్లో పేర్చాను. తొక్కలు మాత్రం ట్రేలోనే ఉంచాను. ఆ పని చేస్తుంటే నాకు లోపల భయంగానూ ఉంది, చిన్నప్పుడు బళ్లో అల్లరి చేసినప్పటి సరదాగానూ ఉంది.

పొద్దు గుంకింది. సాయిబు గారు ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, ఒక తొన తీసుకున్నారు. కళ్లు మూసుకుని నమిలారు. ఇంకొకటి తీసుకున్నారు. తడ ఆయన రెండు గిన్నెల గంజి తాగి, తీరిగ్గా పళ్లెం దగ్గరికి జరుపుకున్నాడు. మొదటి తొన తిన్నాడు. రెండోది. తర్వాత పళ్లెం వేరేవాళ్లకు అందకుండా ఒళ్లోకి లాక్కున్నాడు.

“నాగపూరు సరుకా సామీ? ఫస్టు క్లాసు. ఎవురు తెచ్చినారు? ఆ లోడు ఎవురికీ ఇయ్యబాకండి, నాకు గావాల.”

సాయిబు గారు నా వైపు చూశారు. నేను లేచి వెళ్లి తొక్కల ట్రే తెచ్చి తడ ఆయన ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన ఒక పచ్చ తొక్క తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత అలవాటు చొప్పున, వట్టి తొక్కను బొటనవేలితో నొక్కాడు. అంతే, సాయిబు గారు పగలబడి నవ్వారు. ఆయనకు పొర పోయింది, నేను వీపు నిమరాల్సి వచ్చింది.

తడ ఆయన మొదట నవ్వలేదు. తొక్కను అలాగే పట్టుకుని కూర్చున్నాడు. “అయ్యయ్యో! మా వైపు కొడగు కొండల కమలా పచ్చగానే వస్తాది. నేనే రోజూ తింటా. ఈడికి వచ్చినానంటే నా బుర్ర గూడా నిమ్మకాయ అయిపోతాది సామీ” అని నెత్తి కొట్టుకున్నాడు. అప్పుడు చాప మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు. కానీ కొంటానని మాత్రం మళ్లీ అనలేదు. గంజి దగ్గర మాట గంజి దగ్గరే. తువ్వాలు కిందికి వచ్చిందే బేరం.

ఇంటికి పోతూ దారిలో రైతమ్మకు ఫోన్ చేశాను.

“మళ్లా తెచ్చి, మళ్లా ఎత్తుకోని పోయే ఓపిక నాకు లేదన్నా” అంది.

“ఒక్కసారి తీసుకురామ్మా. శనివారం.”

“వాళ్లు కొంటామన్నారా?”

“అనలా.”

“మరి ఎందుకు రమ్మంటుండావు?”

“నేను తిన్నా గదమ్మా. అందుకే.”

“సరే” అని ఫోన్ పెట్టేసింది.

శనివారం ఆటో ట్రాలీ వచ్చింది. ఈసారి నడుపుతున్నది మరిది. పొడుగాటి మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ఆమె మాటల్లో విని నేనొక మొండివాణ్ణి ఊహించుకున్నాను, ఇతను అలా లేడు. దిగి నాకు నమస్కారం పెట్టాడు. “అన్నా, మా వదిన మాట కాదనలేక వచ్చినా. ఇయ్యాళ గూడా నిలిచిందంటే సోమారం పని ఆగదు. మళ్లీ మీరు ఆమెకు ఫోన్ చేయబాకండి. ఆశ పెట్టినట్టవతాది” అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు.

ఆ రోజు నిమ్మ సరుకు విపరీతంగా వచ్చింది. కమలాల వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కింది. ఊరు చెప్పాను, రకం చెప్పాను, తువ్వాలు కప్పుకున్నాను. ఇఫ్తార్ సంగతి మార్కెట్టంతా పాకింది కాబట్టి ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇద్దరు చిల్లర వ్యాపారులు వచ్చి వేళ్లు నొక్కారు. తోపుడు బళ్ల జ్యూసుకు పోయే సరుకు ధర. దానికి కోత కూలి కూడా రాదు, ఆ ధరకు రైతు ఇవ్వనంటే రాశి నిలిచినట్టే. తడ ఆయన ఎక్కడా కనిపించలేదు. పొద్దున నిమ్మ రాశులు కొన్నాడు, ఆ తర్వాత లారీల షెడ్డు వైపు పోయాడని ఎవరో అన్నారు. ఆయన లారీ పోయే వేళ అది.

మొదటి పిలుపు పిలిచాను. ఇంకెవరూ రాలేదు. రెండో పిలుపు. మరిది ట్రాలీ తాళం జేబులోంచి తీశాడు. ఆమె నేల వైపు చూస్తోంది.

మూడో పిలుపుకు ముందు నాకు తువ్వాలు సరిగా లేదనిపించింది. తీసి, దులిపి, మడిచి, మళ్లీ కప్పుకున్నాను. దగ్గు వచ్చింది. ఆ దగ్గు ఎంతకీ తగ్గలేదు. మంచినీళ్లు అడిగాను, తాగాను, చెంబు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూశాను. గద్దె మీద నుంచి సాయిబు గారు కళ్లజోడు పైగా చూస్తున్నారు. దగ్గకూడదని కట్టుబాటు ఏమీ లేదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు కాబట్టి తల దించుకుని తన పని చూసుకున్నారు.

అప్పుడు షెడ్డు వైపు నుంచి తడ ఆయన పరుగు లాంటి నడకతో వచ్చాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది. “లారీలో చోటు లేదు సామీ. నిమ్మ మూటలు దించి, చోటు చేయించి వస్తుండా” అంటూ తువ్వాలు కింద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి నాకు ఎన్నో ఏళ్లుగా తెలుసు. ఎప్పుడూ ఒక మెట్టు తగ్గించి నొక్కి, నా మొహంలో ఏమైనా దొరుకుతుందేమోనని చూసే చెయ్యి. ఆ రోజు తగ్గించలేదు. నా వేళ్లను గట్టిగా, నిదానంగా నొక్కి, చెప్పదలుచుకున్నది ఒక్కసారే చెప్పి వదిలేసింది. చిల్లర వ్యాపారుల్లో ఒకతను మళ్లీ వచ్చి పెంచాడు. తడ ఆయన మళ్లీ చెయ్యి పెట్టాడు. ఎంత అని మీరు అడుగుతారు. తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే. రైతుకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. మంచి కమలాకు ఇవ్వాల్సిన ధరే ఇచ్చాడు.

మూడో పిలుపు పిలిచి ఆయన పేరు చెప్పాను. ఆ పేరు అంత సంతోషంగా నేను ఎన్నడూ పలకలేదు. పక్క రాశి రైతుకు అనుమానం వచ్చిందేమో గానీ, పేరును పొగిడాను తప్ప సరుకును పొగడలేదు కదా.

హమాలీలు కాయలు ఎత్తుతున్నారు. మరిది ఇంకా తాళం చేత్తో పట్టుకునే ఉన్నాడు. నెమ్మదిగా తడ ఆయన దగ్గరికి పోయి, “అన్నా, ఇప్పుడు సరుకు మీది. నాకొక కాయ ఇస్తారా?” అని అడిగాడు.

తడ ఆయన ఆశ్చర్యపోయాడు. “మీ తోట కాయ మీరు తినలేదా?”

“తినలా.” మరిది తల వంచుకున్నాడు. “తింటే పీకలేనేమోనని తినలా.”

ఆ మాటకు ఆమె తలెత్తి అతని వైపు చూసింది. అంతవరకు ఆ సంగతి ఆమెకూ తెలియదు. తడ ఆయన రాశిలోంచి ఏరి, నొక్కకుండా, ఒక కాయ ఇచ్చాడు. మరిది నిలబడే ఒలిచాడు. ఒక తొన నోట్లో పెట్టుకున్నాడు, ఇంకొకటి పెట్టుకున్నాడు. రాశి వైపు తిరిగి మాకు మొహం కనిపించకుండా నిలబడి కాసేపు నమిలాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఆ, నేనే. సోమారం రాబాకండి.”

పొక్లెయిన్ మనిషి గొంతు మా అందరికీ వినపడింది. “మరి ఎప్పుడు రమ్మంటారు?”

మరిది చేతిలో మిగిలిన సగం కాయను వదిన చేతిలో పెట్టాడు. “ఇంక రావద్దులే నాయనా” అన్నాడు, నోట్లో తొన ఉండగానే.